స్పోర్ట్స్ కారుకి టైర్లు మార్చాలా? డెల్టా రోడ్లకి సరిపడేవి తక్కువ ఖర్చులో ఎంచుకోవడం ఎలా

సెకండ్ హ్యాండ్‌లో మంచి స్పోర్ట్స్ కారు దొరికిందని సంబరంగా తెచ్చుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండా అడిగే ప్రశ్న ఒకటే. "నాలుగు టైర్లూ మార్చాలంటే షోరూములో చెప్పిన రేటుకి కళ్లు తిరిగాయండి. తక్కువలో ఏవి వేయించమంటారు?" భీమవరం నుంచి అడుగుతారు, అమలాపురం నుంచి అడుగుతారు, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కారేసుకుని వచ్చి కల్వర్టు దగ్గర టైరు పగలగొట్టుకున్న అల్లుళ్లూ అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట వరసగా రాస్తున్నాను.

స్పోర్ట్స్ కారంటే కోట్ల రూపాయల బండే కానక్కర్లేదు. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, ఆక్టేవియా ఆర్ఎస్, మినీ కూపర్, పాత బీఎండబ్ల్యూ జడ్4, ఏదైనా సరే. ఇంజను బలంగా ఉండి, టైరు పక్కగోడ పల్చగా ఉన్న కారు మీ దగ్గరుంటే ఇది మీకోసమే.

ఎంపికలో నా వరస ముందే చెప్పేస్తాను. మొదట తడి రోడ్డు మీద బ్రేకు పడటం, తర్వాత పక్కగోడ గట్టిదనం, ఆ తర్వాత కిలోమీటరుకి పడే ఖర్చు. పొడి రోడ్డు మీద మలుపుల్లో పట్టు చివరికి. మన ప్రాంతానికి ఈ వరస మారిస్తే డబ్బు పెట్టి కూడా సుఖం ఉండదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- నాలుగు టైర్ల పక్కగోడల మీద ఉన్న అక్షరాలు, అంకెల ఫొటోలు (నాలుగూ తీయండి, ఒకటి తీసి ఊరుకోవద్దు)
- డ్రైవరు డోరు దగ్గరో, పెట్రోలు మూత లోపలో ఉండే గాలి, సైజుల స్టిక్కరు ఫొటో
- టైరు లోతు కొలిచే గేజి. లేకపోతే అగ్గిపుల్ల, చిన్న స్కేలు
- గాలి కొలిచే సొంత గేజి
- టార్చిలైటు
- వీల్ లాక్ నట్టు తాళం. చాలా స్పోర్ట్స్ కార్లకి ఒక్కో చక్రానికి ఒక లాక్ నట్టు ఉంటుంది. ఆ తాళం డిక్కీలో ఉందో లేదో షాపుకి వెళ్లకముందే చూసుకోండి. పాత ఓనరు దగ్గరే ఉండిపోతే ఆ రోజు పని జరగదు.

1. అసలు మార్చాల్సిన టైం వచ్చిందా?

టైరు గాడిలో అగ్గిపుల్ల నిలబెట్టి, అంచు దగ్గర గోటితో గుర్తు పెట్టి స్కేలు మీద కొలవండి. టైరు మధ్యలో, బయటి అంచున, లోపలి అంచున, మూడు చోట్లా కొలవాలి. చట్టం ప్రకారం 1.6 మి.మీ. వరకు నడపొచ్చు. గాడిలో అడ్డంగా కనిపించే చిన్న రబ్బరు గట్టు ఆ హద్దునే చూపిస్తుంది. కానీ వెడల్పు టైరు లోతు 3 మి.మీ.కి దిగిందంటే వాన నీళ్లని పక్కకి తోసే శక్తి బాగా పడిపోతుంది. కాబట్టి డెల్టాలో తిరిగేవాళ్లు 3 మి.మీ. దగ్గరే మార్చే ఏర్పాటు చేసుకోవాలి, అదీ తొలకరికి ముందు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, బయటి నుంచి చూసి "ఇంకా బాగానే ఉన్నాయి" అనుకోవడం. స్పోర్ట్స్ కార్ల చక్రాలు పైభాగం కాస్త లోపలికి వాలి ఉంటాయి. బయటి అంచు కొత్తగా కనిపిస్తున్నా లోపలి అంచు నున్నగా అయిపోయి, తీగలు బయటపడే దాకా వెళ్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి ముందు టైర్ల లోపలి అంచు, కిందికి వంగి టార్చి వేసి వెనక టైర్ల లోపలి అంచు చూడండి.

పక్కగోడకి బుడిపె వచ్చినా, చిన్న చిన్న పగుళ్లు తేలినా లోతు ఎంత ఉన్నా సరే, మార్చాల్సిందే. బుడిపె అంటే లోపల దారాలు తెగాయని అర్థం. దానికి ప్యాచీ లేదు.

2. పక్కగోడ మీద రాసింది చదవండి

ఉదాహరణకి 225/40 ఆర్18 92వై అని ఉందనుకోండి. 225 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 40 అంటే ఆ వెడల్పులో 40 శాతం, అంటే 90 మి.మీ., పక్కగోడ ఎత్తు. 18 రిమ్ము సైజు అంగుళాల్లో. 92 బరువు అంకె, ఒక్కో టైరు 630 కిలోలు మోస్తుందని. వై అంటే గంటకు 300 కి.మీ. వరకు తట్టుకునే రకం. డబ్ల్యూ అయితే 270, వి 240, హెచ్ 210.

కౌంటర్లో వినిపించే మాట ఒకటుంది: "మనం వంద దాటం కదండీ, హెచ్ వేసేద్దాం, రెండు వేలు మిగులుతాయి." ఒప్పుకోవద్దు. ఆ అక్షరం వేగంతో పాటు వేడిని తట్టుకునే సత్తాని కూడా చెబుతుంది. రోహిణి కార్తెలో నలుగురు మనుషులతో, డిక్కీ నిండా మామిడిపండ్లతో రాజమండ్రి నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు ఆ తేడా పనికొస్తుంది. కారు కంపెనీ మాన్యువల్లో చెప్పిన బరువు అంకెకీ, వేగం అక్షరానికీ తగ్గకూడదు. పైకి వెళ్తే ఇబ్బంది లేదు.

కొన్ని కార్లకి ముందు ఒక సైజు, వెనక ఇంకో సైజు ఉంటుంది. అందుకే నాలుగు ఫొటోలు తీయమన్నాను.

3. మీరు తిరిగే రోడ్లు కాగితం మీద రాయండి

ఈ పని ఎవరూ చేయరు, కానీ డబ్బు మిగిలేది ఇక్కడే. నెలలో ఎన్ని కిలోమీటర్లు హైవే, ఎన్ని కాలువ గట్టు, ఎన్ని ఊరి లోపల అని రాసుకోండి.

మన రోడ్లకి కొన్ని ప్రత్యేకతలున్నాయి. ఉండి, ఆకివీడు, భీమవరం వైపు చేపలు, రొయ్యలు తీసుకెళ్లే బండ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఏప్రిల్ ఎండలో కూడా మలుపు దగ్గర రోడ్డు తడిగా, జిగటగా ఉంటుంది. ఎండాకాలం కదా అని వేగంగా మలుపు తిప్పితే కారు జారేది అక్కడే. నాట్ల రోజుల్లో దమ్ము చక్రాలతోనే ట్రాక్టర్లు తారు రోడ్డెక్కుతాయి. రోడ్డు మీద వరసగా గాట్లు పడతాయి, వాటి మధ్య నల్లమట్టి ముద్దలు. దాని మీద నాలుగు చినుకులు పడితే సబ్బు రాసినట్టే. దాళ్వా కోతలప్పుడు రోడ్డు సగం ధాన్యం, మిగతా సగంలో గడ్డి. గట్టు రోడ్ల అంచులు కోసుకుపోయి జానెడు దిగుడు ఉంటుంది. ఎదురుగా బస్సు వస్తే దిగక తప్పదు, దిగి ఎక్కేటప్పుడు తారు అంచు పక్కగోడని గీస్తుంది. నేల కుంగి, కల్వర్టు దగ్గర మాత్రం రోడ్డు ఎత్తుగా మిగిలిపోవడం సరేసరి.

మీ ప్రయాణం ఎక్కువగా 16వ నంబరు హైవే మీద, రావులపాలెం, తణుకు, ఏలూరు మీదుగా అయితే మీ అవసరం వేరు. రాజోలు, మలికిపురం, అంతర్వేది రోడ్లలో రోజూ తిరిగేవారి అవసరం వేరు. మొదటివారు కారుతో వచ్చిన సైజులోనే ఉండొచ్చు. రెండోవారు ఐదో మెట్టు తప్పకుండా చదవాలి.

4. ఏ రకం టైరు?

షాపుల్లో మీకు రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి మెత్తటి రబ్బరుతో చేసిన స్పోర్ట్ రకం: మిషెలిన్ పైలట్ స్పోర్ట్, బ్రిడ్జ్‌స్టోన్ పొటెన్జా లాంటివి. పట్టు గొప్పగా ఉంటుంది, అరుగుదలా ఎక్కువే, ధరా ఎక్కువే. రెండోది టూరింగ్ రకం: మిషెలిన్ ప్రైమసీ, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా, కాంటినెంటల్ అల్ట్రాకాంటాక్ట్, అపోలో ఆస్పైర్ లాంటివి. అపోలో వారిదే అయిన వ్రెడెస్టీన్ టైర్లు కూడా ఇప్పుడు మన దేశంలోనే తయారవుతున్నాయి, మీ సైజు ఉందేమో అడగండి.

డెల్టాలో రోజువారీ తిరిగే కారుకి నా ఓటు టూరింగ్ రకానికే. కారు హుషారు కొంచెం తగ్గుతుంది, మలుపులో స్టీరింగు కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది. బదులుగా తడిలో నమ్మకం, తక్కువ చప్పుడు, ఎక్కువ కిలోమీటర్లు వస్తాయి. మీ ఇంజను 200 హార్స్‌పవర్ దాటి, ఎక్కువగా హైవే మీదే తిప్పుతుంటే మాత్రం స్పోర్ట్ రకానికే వెళ్లండి, అక్కడ పొదుపు చూడొద్దు.

తడి పట్టు ఎలా తెలుస్తుంది? పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అంకె, ట్రాక్షన్ అక్షరం ఉంటే చూడండి. ట్రాక్షన్ పరీక్ష తడి నేల మీదే చేస్తారు: ఏఏ అన్నిటికంటే మేలు, తర్వాత ఏ. బి, సి ఉన్నవి స్పోర్ట్స్ కారుకి వద్దు. ట్రెడ్‌వేర్ అంకె ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా అరుగుతుంది, కానీ ఆ అంకె కంపెనీ తనకు తాను ఇచ్చుకునేది. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకి పనికొస్తుంది, ఒక కంపెనీ 400ని ఇంకో కంపెనీ 300తో పోల్చొద్దు. 200, అంతకంటే తక్కువ ఉన్నవి రేస్ ట్రాక్ మోజు ఉన్నవారికి. ఆ టైర్లకి గాళ్లు తక్కువ ఉంటాయి. అక్టోబరు వానల్లో వాటి మీద బండి నడపడం ప్రాణంతో చెలగాటం.

బీఎండబ్ల్యూ, మినీ లాంటి కార్లకి రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) ఉంటాయి, స్టెప్నీ ఉండదు. మామూలు టైర్లు వేస్తే ఖర్చు తగ్గుతుంది, గతుకుల్లో కుదుపూ తగ్గుతుంది. కానీ అప్పుడు డిక్కీలో పంక్చర్ కిట్టు, గాలి కొట్టే చిన్న కంప్రెసరు తప్పనిసరి. రాత్రి పది దాటాక చించినాడ వంతెన మీద పంక్చరైతే షాపు వెతుక్కోవడం ఎలా ఉంటుందో ముందే ఆలోచించుకోండి. కొన్ని మామూలు టైర్లు, కొన్ని రన్‌ఫ్లాట్లు కలిపి వేయొద్దు.

5. రిమ్ము సైజు తగ్గిస్తే?

గట్టు రోడ్ల వారికి ఇదే పెద్ద పొదుపు. 18 అంగుళాల టైరు కంటే 17 అంగుళాల టైరు సాధారణంగా చవక, దొరకడమూ సులువు. పైగా పక్కగోడ ఎత్తు పెరుగుతుంది కాబట్టి రిమ్ము వంకరపోయే బాధ తగ్గుతుంది. లెక్క ఇలా వేయండి: రిమ్ము అంగుళాలని 25.4తో గుణించి, రెండు పక్కగోడల ఎత్తు కలపాలి.

225/40 ఆర్18: 457.2 + 90 + 90 = 637.2 మి.మీ.
225/45 ఆర్17: 431.8 + 101.25 + 101.25 = 634.3 మి.మీ.

తేడా అర శాతం లోపే. స్పీడోమీటరు దాదాపు సరిగ్గానే చూపిస్తుంది. పక్కగోడ మాత్రం 11 మి.మీ. పెరిగింది. మీ సైజుకి ఇదే లెక్క వేసి, మొత్తం ఎత్తులో తేడా 2 శాతం లోపు ఉండేలా చూసుకోండి.

జాగ్రత్త: స్పోర్ట్స్ కార్లకి బ్రేకు డిస్కులు పెద్దవి. చిన్న రిమ్ము బ్రేకు క్యాలిపర్‌కి (డిస్కుని పట్టి నొక్కే భాగానికి) తగలొచ్చు. కొనకముందే రిమ్ము ఒకటి బిగించి చేత్తో తిప్పి చూడాలి. బోల్టు రంధ్రాల కొలత, ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) కూడా కలవాలి. మీ కారు మోడల్లోనే కింది వేరియంట్‌కి కంపెనీ 17 అంగుళాలు ఇచ్చి ఉంటే ఆ సైజు తీసుకోవడం అన్నిటికంటే సురక్షితం, అయినా రిమ్ము పెట్టి చూడటం మానొద్దు. బరువు అంకె కూడా చూడండి. 225/45 ఆర్17లో 91 అని ఉన్నది 615 కిలోలే మోస్తుంది. మీ పాతది 92 అయితే, 94 ఎక్స్ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని ఉన్నది అడిగి తీసుకోండి.

వెడల్పు పెంచడం మాత్రం వద్దు. చూడ్డానికి బాగుంటుందని 225 బదులు 245 వేయించుకునేవారున్నారు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరు ఇంకా త్వరగా తేలుతుంది, ఫెండరు లోపల రాసుకుంటుంది, ధర కూడా ఎక్కువే.

6. ధర పోల్చడం

కనీసం మూడు చోట్ల అడగండి: మీ ఊళ్లో ఒకటి, రాజమండ్రి, కాకినాడ, విజయవాడల్లో ఒక పెద్ద డీలరు, ఆన్‌లైన్ ఒకటి. అడిగేటప్పుడు ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, కొత్త వాల్వులు, జీఎస్టీ అన్నీ కలిపి నాలుగు టైర్లకి మొత్తం ఎంత అని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కారు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు మీ స్నేహితుడు కొన్న రేటుతో ఇప్పటి రేటు పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

తర్వాత కిలోమీటరు లెక్క. ఊహకి రెండు టైర్లు తీసుకుందాం. ఒకటి 8,000 రూపాయలు, 25,000 కి.మీ. వస్తుంది. ఇంకోటి 11,000, 45,000 కి.మీ. వస్తుంది. మొదటిది కిలోమీటరుకి 32 పైసలు, రెండోది 24 పైసల చిల్లర. చవక టైరే ఖరీదైంది! మీ మోడల్ వాడుతున్న ఇద్దరు ముగ్గురిని అడిగి వాళ్లకి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో తెలుసుకుంటే ఈ లెక్క ఐదు నిమిషాల పని. ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లే తిరిగేవారు మాత్రం ఈ లెక్క పట్టించుకోవద్దు. మీ టైరు అరిగేలోపే వయసైపోతుంది. తడి పట్టు బాగున్న మధ్యరకం చాలు.

సెకండ్ హ్యాండ్ టైర్లు, గాళ్లు మళ్లీ కోసిన టైర్లు, రీట్రెడ్ చేసినవి స్పోర్ట్స్ కారుకి వద్దే వద్దు. లారీ రీట్రెడ్ పద్ధతి వేరు, దాని వేగం వేరు. గాడి కోసిన టైరు బయటికి కొత్తగా మెరుస్తుంది, కింద తీగ మీద రబ్బరు పొర మాత్రం కాగితమంత మిగులుతుంది.

7. షాపులో చూడాల్సినవి

టైరు రిమ్ముకి ఎక్కక ముందే తయారీ తేదీ చూడండి. డీఓటీ అనే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు: 1825 అంటే 2025లో 18వ వారం. ఈ నాలుగు అంకెలు కొన్ని టైర్లకి ఒక వైపే ఉంటాయి. బిగించాక లోపలికి వెళ్లిపోతే చూసుకోలేరు. ఆరు నెలల లోపుదైతే మంచిది, ఏడాది వరకు పర్వాలేదు. రెండేళ్లు దాటింది తీసుకోవద్దు, ఎంత తగ్గించినా సరే. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టినప్పటి నుంచి కొన్ని పెద్ద సైజులు దొరకడం కష్టమైంది. ఎక్కడో మూల పడున్న పాత సరుకు బయటికొచ్చేది ఇలాంటి సైజుల్లోనే.

పక్కగోడ మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ కావాలి. బిల్లు మీద టైర్ల సీరియల్ నంబర్లు రాయించుకోండి, లేకపోతే వారంటీ అడిగేటప్పుడు ఇబ్బంది.

డబ్బు రెండింటికే ఉంటే? కొత్తవి రెండూ వెనక వేయించండి. ముందు చక్రాలతో నడిచే కారైనా ఇదే. "ముందువి వేస్తే బ్రేకు బాగా పడుతుందండి" అని షాపులో చెబుతారు. కానీ వానలో ముందు టైరు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే దారికొస్తుంది. వెనక జారితే కారు గిర్రున తిరుగుతుంది, కాలువ గట్టు మీద ఆ తర్వాత జరిగేది చెప్పక్కర్లేదు. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే క్వాట్రో లాంటి కార్లకి మాత్రం రెండు మార్చే పద్ధతి పనికిరాదు, నాలుగూ మార్చాలి.

8. బిగించేటప్పుడు పక్కనే నిలబడండి

పల్చటి పక్కగోడ టైరుని ఇనప లీవర్లతో లాగితే అంచు తెగుతుంది, అల్లాయ్ గీతలు పడుతుంది. ప్లాస్టిక్ తొడుగు ఉన్న మెషీను ఉన్న షాపుకే వెళ్లండి. కారు కిందికి ఉంటుంది కాబట్టి, మాన్యువల్లో చూపించిన చోటే జాకీ పెట్టమనండి.

పాత టైరు తీశాక రిమ్ము అంచు చూడండి. సముద్రపు గాలికి, రొయ్యల బండ్ల ఉప్పునీటికి అల్లాయ్ అంచు తెల్లగా పొక్కులు పొక్కుతుంది. దాన్ని బ్రష్‌తో శుభ్రం చేయకుండా కొత్త టైరు ఎక్కిస్తే వారానికి మూడు నాలుగు పీఎస్ఐ గాలి దిగుతూనే ఉంటుంది. పంక్చర్ షాపుల చుట్టూ తిరిగినా మేకు దొరకదు.

టైరు మీద బాణం గుర్తుంటే తిరిగే దిశకే ఉండాలి. అవుట్‌సైడ్ అని రాసి ఉంటే ఆ వైపు బయటికి రావాలి. నట్లు గాలి గన్నుతో పూర్తిగా బిగించనివ్వకండి, చివరి బిగింపు టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన లెక్కకి. నైట్రోజన్ పెట్టమని అడిగితే, ఆ డబ్బు అలైన్‌మెంట్‌కి పెట్టండి.

9. సరిగ్గా కుదిరిందా? ఇలా చూడండి

అదే రోజు: స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని వినండి. వెనక ఇద్దరిని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకరు మీద మెల్లగా ఎక్కించి మళ్లీ వినండి. టైరు గాలి హెచ్చరిక వ్యవస్థ ఉంటే రీసెట్ చేయండి.

హైవే మీద 80, 90 దగ్గర స్టీరింగు వణికితే బ్యాలెన్సింగ్ సరిగ్గా లేదు. తిన్నటి, చదునైన చోట కారు ఒకవైపు లాగితే అలైన్‌మెంట్. రెండిటికీ ఆ షాపుకే తిరిగి వెళ్లండి, మొహమాటపడొద్దు.

50 నుంచి 100 కి.మీ. తిరిగాక నట్ల బిగింపు మళ్లీ చూపించండి. మొదటి 300 కి.మీ. నెమ్మదిగా నడపండి. కొత్త టైరు పై పొర జారుడుగా ఉంటుంది, వానలో మరీను. ఆ తర్వాత ఒక వాన రోజు, ముందూ వెనకా ఎవరూ లేని వెడల్పాటి ఖాళీ చోట, 40 వేగంలో గట్టిగా బ్రేకు తొక్కి చూడండి. కారు వంకర తిరక్కుండా తిన్నగా ఆగాలి.

వారం తర్వాత తెల్లవారుజామున, బండి కదలకముందు నాలుగింటి గాలి మీ సొంత గేజితో కొలవండి. ఒకటి మాత్రమే తగ్గితే రిమ్ము అంచు చుట్టూ, వాల్వు మీద సబ్బునీళ్లు పోసి బుడగలు చూడండి. కుదుపులు తగ్గుతాయని స్టిక్కరు మీద ఉన్నదానికంటే గాలి తగ్గించి నడపొద్దు. పల్చటి టైరు గుంటలో దిగినప్పుడు రిమ్ముని కాపాడేది ఆ గాలే.

వెయ్యి కి.మీ. దగ్గర టైరు మీద అరచేయి అడ్డంగా అటూ ఇటూ నిమరండి. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు గరగరా తగిలితే అలైన్‌మెంట్ తప్పింది. కంటికి కనిపించక ముందే చేతికి తెలుస్తుంది. ఐదు వేల దగ్గర మళ్లీ అగ్గిపుల్లతో మూడు చోట్లా లోతు కొలిచి, మొదటి రోజు లోతు పక్కనే రాయండి. కొత్తది 7.5 మి.మీ. ఉండి ఇప్పుడు 7 ఉంటే, లోతు 3 మి.మీ.కి దిగడానికి ఇంకో 40,000 కి.మీ. పడుతుంది. లోపలి అంచు ఒక్కటే 6.5కి వచ్చిందంటే ఆ వారమే అలైన్‌మెంట్ చేయించండి. 8,000 నుంచి 10,000 కి.మీ. మధ్య ముందువి వెనక్కి మార్పించండి. బాణం గుర్తు టైర్లయితే అదే పక్కన ముందూ వెనకా మార్చాలి, ముందూ వెనకా సైజులు వేరైతే మార్చడం కుదరదు.